‘మరియు’, ‘లేదా’ల మధ్య చిక్కుకునే x: సంయుక్త అసమీకరణాలను రాయడం, గీయడం

“5 ఏళ్లలోపు పిల్లలకూ, 60 ఏళ్లు దాటిన పెద్దలకూ ప్రవేశం ఉచితం.” ఈ వాక్యంలో అర్థం కానిదేమీ లేదు. చదివిన ఎవరికైనా తమకు ఉచితమో కాదో వెంటనే తెలిసిపోతుంది. ఇప్పుడు వయసును x అనుకుని ఇదే మాటను గణితంలో రాయమనండి. చాలామంది ఇలా రాస్తారు: x < 5 మరియు x > 60.

వాళ్ల ఆలోచనలో తప్పు పట్టడానికి లేదు. పిల్లలకూ ఉచితం, పెద్దలకూ ఉచితం, అంటే ఇద్దరికీ ఉచితమే కదా, కాబట్టి ‘మరియు’ అనుకున్నారు. కానీ రాసినదాన్ని గణితం చదివే తీరులో చదివితే ప్రవేశం ఎవరికీ ఉచితం కాదు. ఒకే మనిషి వయసు 5 కన్నా తక్కువగానూ ఉండాలి, 60 కన్నా ఎక్కువగానూ ఉండాలి. అలాంటి మనిషి ఉండడు. అక్కడ రావలసిన మాట ‘లేదా’.

సంయుక్త అసమీకరణాల దగ్గర పిల్లలు తడబడేది కూడికలు, తీసివేతల్లో కాదు. నేను చూసినంతవరకు తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు చిన్న మాటల దగ్గరే పుడతాయి. మాటల సంగతి తేలితే గ్రాఫు చాలావరకు దానంతటదే గీసుకుంటుంది.

అసమీకరణం, సంయుక్తం: పేర్లలో ఏముంది

సమీకరణం రెండు వైపులూ సమానమని చెబుతుంది. x + 3 = 8 అంటే x విలువ 5, అంతటితో కథ అయిపోయింది. అసమీకరణం ఒక వైపు చిన్నది, మరో వైపు పెద్దది అని చెబుతుంది. x + 3 < 8 అంటే 5 కన్నా చిన్నదైన ఏ సంఖ్య అయినా సరే: 4, 0, −100, 4.999, అన్నీ జవాబులే. ఇలా షరతును తీర్చే విలువలన్నిటినీ కలిపి సాధన సమితి అంటారు. సమీకరణానికి జవాబుగా ఒకటో రెండో చుక్కలు వస్తే, అసమీకరణానికి రేఖలో ఒక భాగమే జవాబుగా వస్తుంది. అందుకే ఇక్కడ బొమ్మకు అంత విలువ.

గుర్తులు నాలుగు. < అంటే తక్కువ, > అంటే ఎక్కువ. వాటి కింద గీత పెడితే, అంటే ≤, ≥ అయితే, ‘లేదా సమానం’ అని కలుస్తుంది. మొదటి రెండు గుర్తులూ అచ్చులో కనిపించింది 1631లో, ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ పుస్తకంలో. ఆ పుస్తకం వెలువడేనాటికి ఆయన చనిపోయి పదేళ్లయింది. సమానత్వాన్ని కూడా కలుపుకునే గుర్తును, కింద రెండు గీతలతో, 1734లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే వాడారు. మధ్యలో వందేళ్లు గడిచాయన్నమాట. ‘తక్కువ’ వేరు, ‘తక్కువ లేదా సమానం’ వేరు అన్న తేడాకు విడిగా ఒక గుర్తు కుదరడానికి కొంత కాలం పట్టింది. ఒక్క పీరియడులో ఆ తేడా పట్టుబడకపోతే పిల్లలు బెంగపడాల్సిన పనేమీ లేదు.

ఇలాంటి రెండు అసమీకరణాలను ‘మరియు’తో గానీ ‘లేదా’తో గానీ కలిపితే వచ్చేదే సంయుక్త అసమీకరణం. కాంపౌండ్ ఇనీక్వాలిటీ అన్నా ఇదే. అసమీకరణానికి బదులు అసమానత అన్న మాట కూడా వాడుకలో ఉంది. రెంటికీ ఇక్కడ తేడా లేదు.

‘లోపు’, ‘మించకుండా’, ‘మధ్య’: మాట నుంచి గుర్తుకు

గుర్తు రాసేముందు మాటను కాస్త దగ్గరగా చూడాలి. తెలుగులో హద్దులు చెప్పే మాటలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా ప్రవర్తించవు.

‘కనీసం 5’ అంటే 5 కూడా పనికొస్తుంది కాబట్టి x ≥ 5. ‘12కు మించకుండా’ అంటే 12 వరకు ఫర్వాలేదు, కాబట్టి x ≤ 12. ‘18 నిండిన’ అంటే x ≥ 18. ‘60 దాటిన’ అంటే x > 60. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

‘5కు తక్కువ కాకుండా’ అన్న మాట దగ్గర మాత్రం చాలామంది జారిపోతారు. ‘తక్కువ కాదు’ అంటే ‘ఎక్కువ’ అనుకుని x > 5 అని రాస్తారు. కానీ 5 అనే సంఖ్య 5 కన్నా తక్కువ కాదు కదా, అది షరతును తీర్చినట్టే. కాబట్టి x ≥ 5. తక్కువ కాకపోవడంలో రెండు సంగతులున్నాయి: ఎక్కువ కావడం, సమానం కావడం. అలాగే ‘12 కన్నా ఎక్కువ కాదు’ అంటే x ≤ 12.

ఇంకా ఇబ్బంది పెట్టే మాట ‘లోపు’. “10వ తేదీలోపు దరఖాస్తు చేయాలి” అంటే 10వ తేదీన చేసినా చెల్లుతుందనే అందరం అనుకుంటాం. “5 ఏళ్లలోపు పిల్లలు” అంటే అయిదు నిండినవాళ్లు రారు అనుకుంటాం. మాట ఒకటే, ఒకచోట ≤, మరోచోట <. ‘మధ్య’ కూడా ఇలాంటిదే. ‘20కీ 30కీ మధ్య’ అన్నప్పుడు 20, 30 లెక్కలోకి వస్తాయా రావా అన్నది మాటలోంచి తేలదు. ‘20 నుంచి 30 వరకు’ అంటే మాత్రం మామూలుగా రెండూ వస్తాయి. లెక్కలో ఇలాంటి మాట ఎదురైతే, హద్దు మీద ఉన్న సంఖ్యనే తీసుకుని సందర్భం దాన్ని ఒప్పుకుంటుందా అని అడగడం ఒక్కటే దారి. లెక్క ఇచ్చేవాళ్లు ‘20, 30లతో సహా’ అనో, ‘20, 30 కాకుండా’ అనో రాస్తే ఈ తలనొప్పే ఉండదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఈ ఒక్క మాట చేర్చాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

‘మరియు’: ఒకే సంఖ్య, రెండు పరీక్షలు

‘మరియు’ ఉన్న అసమీకరణంలో ఒక సంఖ్య జవాబు కావాలంటే రెండు షరతుల్లోనూ నెగ్గాలి. ఒకదాంట్లో నెగ్గి ఇంకోదాంట్లో ఓడితే లాభం లేదు.

x > 2 మరియు x ≤ 7 అనుకుందాం. సంఖ్యారేఖ మీద మొదట x > 2 గీయండి. 2 దగ్గర ఖాళీ చుక్క, అక్కడి నుంచి కుడివైపుకు గీత. ఖాళీ చుక్క అంటే ‘ఇక్కడి నుంచి మొదలు, కానీ ఇది మాత్రం కాదు’ అని. తర్వాత దాని కిందే x ≤ 7 గీయండి. 7 దగ్గర నిండు చుక్క, అక్కడి నుంచి ఎడమవైపుకు గీత. నిండు చుక్క అంటే 7 కూడా లోపలే ఉంది. ఇప్పుడు రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి ఎక్కడ ఉన్నాయో చూడండి. 2 దాటినప్పటి నుంచి 7 వరకు. జవాబు అదే.

←────○━━━━━━━━━●────→
      2                  7

దీన్నే కుదించి 2 < x ≤ 7 అని రాస్తాం. ఇందులో మూడు ముక్కలున్నా నిజానికి ఇవి రెండు వాక్యాలే: 2 < x, x ≤ 7. రెండింటి నడుమ ‘మరియు’ కనిపించకుండా ఉంది. ఆ కనిపించని ‘మరియు’ను మరిచిపోతే ఏమవుతుందో కొంచెం తర్వాత చూద్దాం.

సమితుల భాషలో ఇది ఛేదనం, రెండు సమితులకూ ఉమ్మడిగా ఉన్న భాగం. తర్కశాస్త్రంలో దీన్నే సంయోగం అంటారు.

మనిషి చెవికి వినిపించే ధ్వనిని ఇలాగే రాయవచ్చు. పౌనఃపున్యం సుమారు 20 హెర్ట్‌జ్‌ల నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల వరకు ఉంటేనే మనకు వినిపిస్తుంది: 20 ≤ x ≤ 20,000. కింది హద్దుకు తగ్గకుండా ఉండాలి, పై హద్దు దాటకుండా ఉండాలి. రెండూ ఒకే ధ్వనికి వర్తించాలి.

‘లేదా’: ఒక్కదాంట్లో నెగ్గినా చాలు

x < −1 లేదా x ≥ 3 అన్నప్పుడు సంఖ్య ఏదో ఒక షరతును తీరిస్తే చాలు. −5 తీసుకుంటే మొదటిది నిజం, కాబట్టి జవాబులోకి వస్తుంది. 10 తీసుకుంటే రెండోది నిజం, అదీ వస్తుంది. 0 తీసుకుంటే రెండూ అబద్ధం, అది బయటే.

←━━━○─────────●━━━→
     −1                 3

గ్రాఫులో రెండు విడివిడి ముక్కలు, నడుమ ఖాళీ. సమితుల భాషలో ఇది సమ్మేళనం, తర్కంలో వియోగం.

మామూలు మాటల్లో ‘లేదా’కు, గణితంలో ‘లేదా’కు ఒక తేడా ఉంది. “బస్సులో లేదా రైల్లో రా” అంటే ఏదో ఒకదాంట్లో రమ్మని, రెండింట్లోనూ అని కాదు. గణితంలో ‘లేదా’ అంటే మొదటిది గానీ, రెండోది గానీ, రెండూ గానీ. x > 2 లేదా x < 7 లో 4ను తీసుకోండి. రెండూ నిజమే. ‘రెండూ నిజమయ్యాయి కాబట్టి కుదరదు’ అనడానికి లేదు, 4 హాయిగా జవాబులో ఉంటుంది.

మొదట్లో చెప్పిన ఉచిత ప్రవేశం దగ్గరికి తిరిగి వస్తే, వాక్యంలో ‘కూ’ అన్న చేర్పు రెండు గుంపులను ఒకచోట చేర్చింది. పిల్లల గుంపు, దానికి తోడు పెద్దల గుంపు. రెండు గుంపులను కలిపితే వచ్చేది సమ్మేళనం, అంటే ‘లేదా’. కానీ గణితంలో రాసేది గుంపుల గురించి కాదు, గేటు దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి గురించి. ఆ మనిషి వయసు 5 కన్నా తక్కువా, లేదా 60 దాటిందా? తెలుగు వాక్యం గుంపును చూసి మాట్లాడుతుంది, అసమీకరణం ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతుంది. మాటలోని ‘కూ’ గణితంలోకి వచ్చేసరికి ‘లేదా’గా మారడానికి కారణం ఇదే. కాబట్టి వాక్యంలో ఏ మాట ఉందో వెతకడం కన్నా, ఒక సంఖ్యను చేతిలోకి తీసుకుని “ఇది రెండూ తీర్చాలా, ఒకటి చాలా?” అని అడగడం ఎంతో నమ్మదగిన పద్ధతి.

గ్రాఫు ఆశ్చర్యపరిచే సందర్భాలు

‘మరియు’ అంటే నడుమ ముక్క, ‘లేదా’ అంటే రెండు పక్కలా బాణాలు అని కొందరు బట్టీ పట్టిస్తారు. చాలా లెక్కల్లో అది పనిచేస్తుంది కాబట్టే ప్రమాదం.

x > 2 మరియు x > 5 చూడండి. 3 మొదటిదాంట్లో నెగ్గి, రెండోదాంట్లో ఓడింది. 6 రెంటిలోనూ నెగ్గింది. జవాబు x > 5, ఒకే బాణం, నడుమ ముక్క లేదు. అదే x > 2 లేదా x > 5 అయితే 3 కూడా నెగ్గినట్టే కాబట్టి జవాబు x > 2. ఇక్కడా ఒకే బాణం.

x < 2 మరియు x > 5 అంటే జవాబే లేదు. గ్రాఫు మీద గీయడానికి ఏమీ ఉండదు, శూన్య సమితి. పరీక్షలో ఖాళీ రేఖ చూసి ‘ఎక్కడో తప్పు చేశాను’ అని టెన్షన్ పడి, కొట్టేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు. ఖాళీ రేఖ కూడా సరైన జవాబే. దీనికి సరిగ్గా అటువైపు, x > 2 లేదా x < 5 అంటే సంఖ్యారేఖ మొత్తం జవాబే. ఏ సంఖ్య తీసుకున్నా ఈ రెంటిలో ఒకటైనా నిజమవుతుంది.

x ≥ 4 మరియు x ≤ 4 అంటే? ఒకే ఒక్క నిండు చుక్క, 4 దగ్గర. రెండు అసమీకరణాలు కలిసి ఒక సమీకరణం అయిపోయాయి. నాకు ఈ చిన్న ఉదాహరణ ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

మూడు ముక్కల అసమీకరణాన్ని సాధించడం

−3 ≤ 2x + 1 < 9 ఇచ్చారనుకుందాం. x ఒంటరిగా మధ్యలో మిగలాలి. మధ్యలో ఏం చేస్తే రెండు చివర్లలోనూ అదే చేయాలి. మూడు చోట్లా 1 తీసేస్తే −4 ≤ 2x < 8. మూడింటినీ 2తో భాగిస్తే −2 ≤ x < 4. గ్రాఫులో −2 దగ్గర నిండు చుక్క, 4 దగ్గర ఖాళీ చుక్క, నడుమ గీత.

రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది. దీన్ని సూత్రంలా వల్లె వేయిస్తారు గానీ కారణం సంఖ్యారేఖ మీదే కనిపిస్తుంది. 3 కన్నా 5 పెద్దది. రెంటినీ −1తో గుణిస్తే −3, −5. సున్నా దగ్గర అద్దం పెట్టినట్టు రెండూ అవతలికి వెళ్లాయి, కుడివైపు ఉన్నది ఎడమవైపుకు పోయింది. ఇప్పుడు −5 చిన్నది. గుర్తు తిరగకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

మూడు ముక్కలున్నచోట రెండు గుర్తులూ తిరగాలి. 1 < 5 − 2x ≤ 11 తీసుకోండి. మూడు చోట్లా 5 తీసేస్తే −4 < −2x ≤ 6. ఇప్పుడు −2తో భాగిస్తే 2 > x ≥ −3. ఇది తప్పు కాదు. కానీ సంఖ్యారేఖ మీద చిన్నది ఎడమన, పెద్దది కుడిన ఉంటుంది కాబట్టి అలాగే రాస్తే చూడగానే బొమ్మ కళ్లకు కడుతుంది: −3 ≤ x < 2. ఇలా తిప్పి రాసేటప్పుడు ‘సమానం’ ఏ సంఖ్యతో ఉందో ఆ సంఖ్యతోనే వెళ్లాలి. 11తో ఉన్న ‘సమానం’ −3 దగ్గరికి వచ్చింది. సరిచూద్దాం: x = −3 అయితే 5 + 6 = 11, ఒప్పుకుంటుంది. x = 2 అయితే 5 − 4 = 1, కానీ 1 < 1 అబద్ధం. కాబట్టి 2 దగ్గర ఖాళీ చుక్కే.

మూడింటి మీదా ఒకేసారి పని చేయడం మంచిదా, మొదటే రెండుగా విడగొట్టడం మంచిదా అన్నదాని మీద ఉపాధ్యాయుల్లో రెండు రకాల అభిప్రాయాలున్నాయి. ఒకేసారి చేస్తే రాత తగ్గుతుంది, రెండు వైపులా ఒకటే పని జరుగుతోందని తెలుస్తుంది. విడగొడితే దాక్కున్న ‘మరియు’ బయటికి వస్తుంది. x మధ్యలోనే ఉన్నంతకాలం మొదటిది సుఖం. కానీ x + 1 < 2x + 3 < x + 8 లాంటిది వస్తే? మధ్యలోంచి x తీసేద్దామంటే చివర్లలోనూ x ఉంది. ఈ లెక్కలో అదృష్టవశాత్తూ మూడు చోట్లా x తీసేస్తే 1 < x + 3 < 8 అని దారి దొరుకుతుంది. చివర్లలో ఒకచోట x, ఇంకోచోట 3x ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. విడగొట్టడం మాత్రం ఎప్పుడూ పనిచేస్తుంది: x + 1 < 2x + 3 నుంచి x > −2, 2x + 3 < x + 8 నుంచి x < 5. కలిపితే −2 < x < 5. మొదట నేర్చుకునేవాళ్లు కొన్నాళ్లపాటు విడగొట్టి చేయడమే మంచిదని నా అభిప్రాయం.

బొమ్మ నుంచి వెనక్కి: గ్రాఫు చూసి రాయడం

గ్రాఫు ఇచ్చి అసమీకరణం రాయమన్నప్పుడు మొదట చూడాల్సింది ముక్కలు ఎన్ని అని. ఒకే ముక్క, రెండు చివర్లలోనూ చుక్కలు ఉంటే మూడు భాగాల రూపం సరిపోతుంది. రెండు ముక్కలు విడిగా ఉంటే ‘లేదా’ తప్పదు. ఆ తర్వాత ఏ చుక్క ఖాళీ, ఏది నిండు అని చూసి గుర్తులు పెట్టాలి.

చుక్కలు తప్ప గీతే లేని గ్రాఫు కూడా రావచ్చు. −2, −1, 0, 1, 2, 3 దగ్గర ఆరు నిండు చుక్కలు మాత్రమే ఉన్నాయనుకోండి. అక్కడ x పూర్ణసంఖ్య అని అర్థం. దాన్ని −2 ≤ x ≤ 3 అని రాయవచ్చు, −2 ≤ x < 4 అనీ రాయవచ్చు. పూర్ణసంఖ్యల్లో రెండూ ఒకటే, వాస్తవ సంఖ్యల్లో వేర్వేరు. లెక్కలో మనుషుల సంఖ్యో, పుస్తకాల సంఖ్యో ఉంటే గీత గీయకూడదు, చుక్కలే పెట్టాలి. మూడున్నర మంది మనుషులు ఉండరు కదా.

1 > x > 7 అని ఎందుకు రాయకూడదు

|x − 4| < 3 అన్నదాన్ని చదవాల్సిన తీరు ఇది: సంఖ్యారేఖ మీద 4 నుంచి x కు ఉన్న దూరం 3 కన్నా తక్కువ. 4 నుంచి అటు మూడు అడుగులు, ఇటు మూడు అడుగులు, ఆ లోపలే ఉండాలి. అంటే 1 < x < 7. ఆ నిలువు గీతలు సూచించే పరమ మూల్యాన్ని ఇలా దూరంగా చూస్తే ఇది ‘మరియు’ అని వేరే చెప్పక్కర్లేదు.

|x − 4| > 3 అయితే దూరం 3 కన్నా ఎక్కువ, అంటే ఆ ముక్కకు బయట: x < 1 లేదా x > 7.

ఇక్కడే ఒక నోటుపుస్తకంలో 1 > x > 7 అని చూశాను. ఆ అమ్మాయి లోపలి జవాబు 1 < x < 7 కాబట్టి బయటి జవాబు గుర్తులు తిప్పితే వస్తుందనుకుంది. ఆ వరుసలో దాక్కున్న ‘మరియు’ను బయటికి తీసి చదవమన్నాను. “x ఒకటి కన్నా తక్కువ, ఇంకా ఏడు కన్నా ఎక్కువ...” అంటూ మధ్యలోనే ఆగిపోయింది. 10 పెట్టి చూడమంటే, 1 > 10 కాదు. 0 పెట్టమంటే, 0 > 7 కాదు. ఏ సంఖ్యా నెగ్గదు. తానే కొట్టేసి ‘లేదా’తో రాసింది.

1 > x > 7 అన్నది అర్థం లేని రాత అని కొందరంటారు. అర్థం ఉంది, జవాబే శూన్యం అని మరికొందరంటారు. కచ్చితంగా చూస్తే రెండోవాళ్లదే సరి: ఆ వాక్యానికి అర్థం ఉంది, దాన్ని నిజం చేసే సంఖ్యే లేదు. కానీ తరగతిలో ‘ఇలా రాయకండి’ అనడమూ సబబే, ఎందుకంటే అలా రాసినవాళ్లలో దాదాపు ఎవరూ శూన్య సమితి చెప్పాలని రాయలేదు. 3 < x > 1 లాంటి రాతా అంతే. చదవాలనుకుంటే x > 3 మరియు x > 1 అని చదవవచ్చు. గుర్తులు రెండూ ఒకే దిశలో ఉండాలన్న ఆనవాయితీ ఈ గందరగోళాన్ని తప్పించడానికే.

ఈ దాక్కున్న ‘మరియు’ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లనూ వదలదు. పైథాన్ భాషలో 2 < x < 7 అని రాస్తే గణితంలో లాగానే అర్థం చేసుకుంటుంది. సీ భాషలో అదే రాస్తే ఎడమ నుంచి మొదలుపెట్టి ముందు 2 < x నిజమా అబద్ధమా అని చూస్తుంది. నిజమైతే 1, అబద్ధమైతే 0. ఆ తర్వాత ఆ 1నో 0నో 7తో పోలుస్తుంది. రెండూ 7 కన్నా చిన్నవే కాబట్టి x ఎంతైనా జవాబు ‘నిజం’ అనే వస్తుంది. x విలువ 500 అయినా సరే. అక్కడ రెండు షరతులనూ విడివిడిగా రాసి ‘మరియు’ గుర్తుతో కలపాల్సిందే.

చుక్కలా, బ్రాకెట్లా

ఒకే జవాబును రాసే తీరులు చాలా ఉన్నాయి. 2 < x ≤ 7 ను అంతరం రూపంలో (2, 7] అని రాస్తారు. గుండ్రటి బ్రాకెట్ ఖాళీ చుక్కకు, చదరపు బ్రాకెట్ నిండు చుక్కకు బదులు. x < −1 లేదా x ≥ 3 అయితే (−∞, −1) ∪ [3, ∞). నడుమ ఉన్న ∪ సమ్మేళనానికి గుర్తు. అనంతం (∞) దగ్గర ఎప్పుడూ గుండ్రటిదే, ఎందుకంటే అది చేరుకోగలిగే సంఖ్య కాదు. రెండు చివర్లూ లోపలికి రాకపోతే వివృతాంతరం, రెండూ వస్తే సంవృతాంతరం.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. (2, 7) అని కనిపిస్తే అది 2కూ 7కూ మధ్య ఉన్న అంతరమా, తలం మీద ఉన్న ఒక బిందువా? సందర్భం చూసి తెలుసుకోవాల్సిందే. ఫ్రెంచి సంప్రదాయంలో వివృతాంతరాన్ని ]2, 7[ అని, బ్రాకెట్‌ను బయటికి తిప్పి రాస్తారు. బిందువుతో పొరపాటు పడే ప్రమాదం దానికి లేదు, చూడటానికి మాత్రం తెరిచిన బ్రాకెట్‌ను మూయడం మరిచిపోయినట్టు ఉంటుంది. గ్రాఫు మీద కూడా కొన్ని పుస్తకాల్లో చుక్కలకు బదులు బ్రాకెట్లే వేస్తారు. అంతరం రాతకు అది నేరుగా సరిపోతుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు మాత్రం, ఈ సంఖ్య లోపలా బయటా అన్నది కంటికి చెప్పడంలో ఖాళీ చుక్క, నిండు చుక్కలను మించినవి లేవనిపిస్తుంది.

‘కాదు’ అన్నప్పుడు ఏమవుతుంది

2 < x ≤ 7 కాని సంఖ్యలేవి? x ≤ 2 లేదా x > 7. ఇందులో మూడు మార్పులు ఒకేసారి జరిగాయి. ‘మరియు’ ‘లేదా’ అయింది. గుర్తుల దిశ తిరిగింది. ఖాళీ చుక్క నిండింది, నిండు చుక్క ఖాళీ అయింది. గ్రాఫులో చూస్తే ఇందులో వింతేమీ లేదు: గీత ఉన్నచోట చెరిపేసి, లేనిచోట గీశాం. 2 ముందు బయట ఉంది కాబట్టి ఇప్పుడు లోపలికి వచ్చింది. ‘మరియు’ను కాదంటే ‘లేదా’ వస్తుందన్న ఈ నియమాన్ని 19వ శతాబ్దపు గణితవేత్త ఆగస్టస్ డి మోర్గాన్ పేరుతో పిలుస్తారు.

హద్దు మీద ఏం జరుగుతుంది: ఒక త్రిభుజం

ఒక త్రిభుజానికి రెండు భుజాలు 5, 8 సెంటీమీటర్లు. మూడో భుజం x ఎంత ఉండవచ్చు? ఏ రెండు భుజాల మొత్తమైనా మూడోదానికన్నా ఎక్కువ ఉండాలన్నది త్రిభుజ నియమం. కాబట్టి షరతులు మూడు: 5 + 8 > x, 5 + x > 8, 8 + x > 5. అంటే x < 13 మరియు x > 3 మరియు x > −3. మూడూ ఒకే త్రిభుజానికి వర్తించాలి కాబట్టి అన్నీ ‘మరియు’లే. x > 3 అయితే x > −3 ఎలాగూ నిజమే, దాన్ని వదిలేయవచ్చు. మిగిలింది 3 < x < 13. రెండు చివర్లా ఖాళీ చుక్కలు.

ఆ ఖాళీ చుక్కల దగ్గర ఏముందో చూడాలంటే 5, 8 సెంటీమీటర్ల పుల్లలు రెండు తీసుకుని ఒక కొన దగ్గర కలపండి. మడత పూర్తిగా తెరిస్తే రెండూ ఒకే గీతలో పరుచుకుంటాయి, అవతలి కొనల నడుమ దూరం 13. పూర్తిగా మూస్తే చిన్నది పెద్దదాని మీద పడుకుంటుంది, మిగిలే దూరం 3. ఈ రెండు చోట్లా త్రిభుజం లేదు, ఒక గీతే ఉంది. పుల్లల్ని 3 నుంచి కొద్దిగా, వెంట్రుకవాసి కదిపినా చాలు, సన్నటి త్రిభుజం ఒకటి పైకి లేస్తుంది.